మూడు చుక్కలు పొడిచేదాకా

“వదినగారూ, ఆ ఫోను...”

“ఆగండి నిసార్ భాయ్. ఇంకొక్క మాట కూడా మాట్లాడకండి” అంది సంపూర్ణమ్మ, రెండు చేతులూ అడ్డం పెట్టి.

నిసార్ అహ్మద్ వానలో తడిసి, రొప్పుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమె వెనకాల బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. శుక్రవారం పొద్దుగుంకింది. ఆ వీధి మొత్తానికి యూదు మతం పాటించే ఇల్లు అదొక్కటే. పొద్దుగుంకిందంటే ఆ ఇంట్లో విశ్రాంతి దినం మొదలైనట్టేనని పక్కనే ఎస్టీడీ బూత్ నడిపే నిసార్‌కి తెలియంది కాదు.

“రేపు పొద్దుగుంకి మూడు చుక్కలు పొడిచేదాకా మంచైనా చెడైనా మాకొద్దు. ఇవాళ రోగాల గురించి బెంగపడకూడదు మేం. ఏమున్నా సోమవారం దాకా చేసేదేం లేదని డాక్టరుగారే అన్నారు కదా.”

నిసార్ ఏదో చెప్పబోయాడు. ఆమె వాలకం చూసి నవ్వేశాడు.

“సరేనండీ, రేపే చెప్తాను. కొంపలు మునిగేదేం కాదులెండి.”

అతను వెళ్లగానే సంపూర్ణమ్మ తలుపు వేసి, ప్రాణం లేచొచ్చినట్టు భర్త వైపు తిరిగింది. బాలశౌరి టైలరు. అతని మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ లేచింది. గవర్నర్‌పేటలో డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. ఫలితం శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి చెబుతానన్నాడు. వీళ్లకి ఫోను లేదు కాబట్టి నిసార్ బూత్ నంబరు ఇచ్చి వచ్చారు. ఆ రోజు నుంచీ బాలశౌరికి తిండి సయించడం లేదు. కుట్టిన జాకెట్లకి చేతులు తారుమారవుతున్నాయి.

“విన్నారా? కొంపలు మునిగేదేం కాదన్నాడు.”

“నువ్వలా తరిమేస్తుంటే ఇంకేమంటాడు పాపం?”

“నవ్వాడండీ.”

“ఆ నవ్వే నాకు భయంగా ఉంది. నిసార్ ఊరికే నవ్వే మనిషి కాదు.”

“మీకు నవ్వినా భయమే, నవ్వకపోయినా భయమే. దేవుడి మీద భారం వేసి తినండి ముందు” అని పులిహోర వడ్డించింది. విశ్రాంతి దినాన పొయ్యి వెలిగించరు కాబట్టి మర్నాటికి కూడా సరిపడా కలిపింది. నిజం చెప్పాలంటే ఆమె భారం సగమే దేవుడి మీద వేసింది. మిగతా సగం నిసార్ మాట మీద వేసి హాయిగా నిద్రపోయింది.

శనివారం పొద్దున కీర్తనలు పాడుకున్నారు. బాలశౌరి గొంతు సగంలోనే ఆగిపోతుంటే సంపూర్ణమ్మే రెండు గొంతుల పెట్టున పాడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అతను చెప్పులు వేసుకోబోయాడు.

“ఎక్కడికి?”

“కాస్త గాలికి.”

“గాలి పెరట్లోకి కూడా వస్తుంది. నిసార్ బూత్ వైపు మాత్రం వెళ్లకండి.”

అతను చెప్పులు వదిలేసి కిటికీ దగ్గర చేరాడు. కాసేపటికి పిలిచాడు.

“సంపూర్ణం, ఇలా రా. నిసార్‌ని చూడు.”

వీధి చివర స్తంభానికి ఎవరో నిచ్చెన వేసి ఎక్కారు. కింద నిసార్ తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

“ఏ పనీ లేనట్టు అక్కడ నిలబడ్డాడెందుకు? మన కంట పడకూడదనే. ఎలా చెప్పాలో తోచక.”

“మీకన్నీ ఇలాంటివే తోస్తాయి.”

“బూత్ చూశావా? శనివారం ఈ పాటికి జనం బెంచీ మీద చోటు కోసం కొట్టుకుంటారు. ఇవాళ పిట్ట లేదు. వచ్చిన వాళ్లందరినీ పంపేశాడు.”

సంపూర్ణమ్మకి కూడా లోపల కలుక్కుమంది. కానీ పైకి తేలనివ్వలేదు.

“కొంపలు మునగవన్నాడు. నిసార్ భాయ్ అబద్ధమాడి ఎరగడు. నేను ఆ మాట నమ్మాను, మీరు నన్ను నమ్మండి.”

ఆమె అంత ధీమాగా చెబుతుంటే బాలశౌరికీ మెల్లగా ధైర్యం చిక్కింది. సాయంత్రానికి మిగిలిన పులిహోర గిన్నె తుడిచి మరీ తిన్నాడు. పాత పెళ్లిళ్ల కబుర్లు తీసి ఆమెని నవ్వించాడు కూడా.

చీకటి పడింది. ఇద్దరూ పెరట్లో నిలబడి ఆకాశం వైపు చూశారు. ఒక చుక్క కనిపించింది. కొబ్బరిచెట్టు పక్కన రెండోది దొరికింది. మూడోదాన్ని మబ్బు మింగేసింది.

“నిన్నంతా కురిసింది చాల్లేదా ఈ మబ్బుకి?” అంది సంపూర్ణమ్మ. రోజంతా దాచుకున్న ఓపిక ఆ మబ్బు దగ్గర అయిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “తండ్రీ, ఒక్క చుక్కే కదా నేనడిగేది.”

మబ్బు కదిలింది. మూడో చుక్క మినుక్కుమంది. గబగబా లోపలికి వెళ్లి విశ్రాంతి దినానికి వీడ్కోలుగా కొవ్వొత్తి వెలిగించారు. లవంగాలు వాసన చూశారు, ద్రాక్షరసం తాగారు, కొవ్వొత్తి ఆర్పారు. విశ్రాంతి దినం ముగిసింది.

అప్పుడే నిసార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“చుక్కలు పొడిచాయా వదినగారూ? చెప్పొచ్చా?”

“చెప్పండి.”

“ఆ గడ్డలో భయపడేదేం లేదంట. ఉత్త కొవ్వు గడ్డంట. తీసేస్తే సరిపోతుందన్నారు డాక్టరుగారు.”

బాలశౌరి మంచం మీద కూలబడి మెడ తడుముకుంటూ ఏడ్చేశాడు. సంపూర్ణమ్మ ఏడుస్తూనే నవ్వింది.

“నాకు నిన్ననే తెలుసు. మీరన్న ఆ ఒక్క మాట పట్టుకునే ఈయన చేత తినిపించాను, పాడించాను, నిద్రపుచ్చాను. మీ మాటే మమ్మల్ని నిలబెట్టింది నిసార్ భాయ్.”

“ఏ మాటండీ?”

“కొంపలు మునిగేదేం కాదన్నారుగా.”

నిసార్ అయోమయంగా ఇద్దరి మొహాలూ చూశాడు.

“డాక్టరుగారు ఫోన్ చేసింది ఇందాకే కదండీ. నిన్న నేను ఫోను పాడైందని చెప్పడానికొచ్చాను.”