మావయ్య దించని విమానం

"మావయ్యా, నావల్ల కాదు, తీసుకో!" అంటూ రిమోట్ చాపాను. చెరకు కొట్టేసిన పొలం మీద మా బొమ్మ విమానం గాలికి ఊగిపోతోంది.

దేవుళ్లు మావయ్య చేతులు కట్టుకున్నాడు. "అలిసిపోనానే ఈశ్వరీ. నువ్వే దించు."

నాకు ఒళ్లు మండింది. నర్సీపట్నం ఆసుపత్రిలో డ్యూటీ చేసొచ్చాను, నేను అలిసిపోలేదా? ఇన్నాళ్లూ నేను తడబడగానే రిమోట్ లాక్కుని తనే దించేవాడు.

తిట్టుకుంటూనే మోటారు ఆపేశాను. విమానం చప్పుడు లేకుండా జారుతూ వచ్చి, మావయ్య కాళ్ల ముందే ఆగింది.

మొదటిసారి నా అంతట నేనే దించాను! మెచ్చుకుంటాడని చూశాను.

మావయ్య నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా ఆకాశంలోనే వెతుకుతున్నాడు.

"బేగి దించీయే. బేటరీ అయిపోతే కూలిపోద్ది."