పైకా, కిందికా

“మీ సినిమా కథ అదిరిపోయిందండీ,” అన్నాడు పంటి డాక్టరు, రచయిత నోట్లో రెండు వేళ్లూ ఒక చిన్న అద్దమూ పెట్టి. “హీరోకి రెండు డాన్సులు పడ్డాయంటే ఇక తిరుగుండదు.”

ఆ కథలో హీరో అనదగ్గవాడు ఒక్కడే, వాడూ వారంలో రిటైరవబోతున్న లిఫ్టు మెకానిక్కు అని చెబుదామని రచయిత నోరు కదిపాడు.

“ఇంకొంచెం వెడల్పుగా,” అన్నాడు డాక్టరు.

అయినా రచయిత గాల్లో తేలిపోయాడు. పన్ను ఎప్పుడు పీకారో కూడా అతనికి తెలియలేదు.

పాపం, అతనికి మెచ్చుకోలు కొత్త. పగలంతా బట్టలుతికే మిషన్ల కంపెనీలో కూర్చుని, మిషన్ ఎలా వాడాలో చెప్పే వాడుక పుస్తకాలు రాస్తాడు. పెట్టె విప్పగానే జనం అవతల పారేసే మొట్టమొదటి వస్తువు అదే. పదకొండేళ్లుగా రాస్తున్నాడు, ఒక్క మనిషి చదివిన దాఖలా లేదు. మేనేజరు కూడా పేజీ తిప్పకుండానే ప్రెస్సుకి తోసేస్తాడు.

సాయంత్రాలు మాత్రం సొంత కథ. పెళ్లికి పావుగంట ముందు పెళ్లికూతురు లిఫ్టులో ఇరుక్కుపోతుంది. పైన పెళ్లి హాలు, కింద వీధి. బయట్నుంచి మెకానిక్కు కబుర్లు చెబుతూ, చెప్పిస్తూ, చివరికి తలుపు తెరుస్తాడు. ఆమె మెట్ల దగ్గరికొచ్చి నిలబడుతుంది. అంతే, సినిమా అయిపోతుంది. పైకెళ్లిందో కిందికెళ్లిందో చెప్పడు.

అలా వదిలెయ్యడంలోనే గొప్పంతా ఉందని ఒక రోజు అనిపిస్తుంది. తేల్చడం చేతకాక వదిలేశానని మర్నాడు అనిపిస్తుంది. ఈ మధ్యలో ఒక నిర్మాత నలభై రోజుల తర్వాత ఇరవై నిమిషాలు ఇస్తానన్నారు. మళ్లీ ఇవ్వరు. ఈలోగా ఎవరైనా చదివి ఆ ఒక్క సంగతీ తేల్చిపెట్టాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతనికి రెండు పనులూ ఒక్కసారే తెమిలాయి. కొత్త మోడలు వాడుక పుస్తకం మేనేజరుకీ, స్క్రీన్‌ప్లే నలుగురు ఆప్తులకీ మెయిల్ కొట్టేసి, వంటింట్లో ఒక్కడే గంతులేశాడు. ‘నేనేమీ చెప్పను, చదివి మీరే చెప్పండి’ అని నలుగురికీ రాశాడు. మళ్లీ తెరిస్తే దిద్దుతూ కూర్చుంటానని భయపడి, ఇక ఆ ఫైలు జోలికి పోలేదు.

మొదట పలికినవాడు డాక్టరు. తర్వాత మేనమామ.

“ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చురా అల్లుడూ. ఎక్కడా వెకిలితనం లేదు.”

“చివర్లో ఆ అమ్మాయి సంగతి ఏమనిపించింది మామయ్యా?”

“అమ్మాయికేంరా, బంగారం,” అన్నాడు మామయ్య, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సహాయ దర్శకుడిగా పనిచేసే స్నేహితుడైతే ఫోన్లోనే కౌగిలించుకున్నంత పని చేశాడు. “ఇంటర్వెల్ దగ్గర నాకు ఒళ్లు గగుర్పొడిచింది గురూ. సెకండాఫ్ కాస్త సాగింది, అది ఎడిటింగులో పోతుందిలే.”

ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాడో రచయితకే గుర్తులేదు. అయినా ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నాడు. ఆ వారమంతా ఆఫీసులో కుర్చీ కూడా అతన్ని చూసి నవ్వుతున్నట్టే ఉంది.

ఇక మిగిలింది అక్క. లెక్కల టీచరు. పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా ముందు తప్పులు వెతుకుతుంది.

“మొత్తం చదివాన్రా. రెండుసార్లు,” అంది ఫోన్లో. “ఇందులో మనుషులేరీ?”

“అంటే?”

“ఒక్కరంటే ఒక్కరు లేరు. పేజీ పేజీకీ ఇది చెయ్యండి, అది చెయ్యకండి అని చెప్పడమే. అసలు నువ్వు…”

రచయిత ఫోన్ పెట్టేశాడు. చిన్నప్పుడు తను గీసిన ఏనుగుని చూసి కూడా తొండం ఏదిరా అన్న మనిషి ఈవిడే. మళ్లీ మూడుసార్లు చేసింది, ఎత్తలేదు. మెసేజీ పెట్టింది, విప్పలేదు. ముగ్గురు ముక్తకంఠంతో మెచ్చుకున్నదాన్ని ఒక్క లెక్కల టీచరు కొట్టిపారేస్తే మాత్రం ఏమైందిలే అనుకున్నాడు.

నలభయ్యో రోజు వచ్చింది. నిర్మాతగారి ఆఫీసులో సోఫా ఎంత మెత్తగా ఉందంటే, రచయిత మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. కాగితాలతో పని లేదు, కథ నోటితోనే చెప్పాలి. చొక్కా కొత్తది.

మనుషులేరీ అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది. సరే, అక్కని వదిలేద్దాం. మెచ్చుకున్న ముగ్గురిలో కూడా పైకా, కిందికా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఎవరికీ పట్టని ప్రశ్నతో సినిమా ముగించేవాడు వెర్రివాడు కాక మరేమిటి? పైకే పంపించేద్దాం, పెళ్లి చేసేద్దాం, అందరూ నవ్వుతూ ఫొటో దిగుతారు. అలా తీర్మానించుకున్నాక అతనికి కాస్త ఏడుపొచ్చింది.

“రండి సార్, పిలుస్తున్నారు,” అంది రిసెప్షన్లో అమ్మాయి తలుపు తెరిచి పట్టుకుని.

లేవబోతుంటే జేబులో ఫోన్ మోగింది. మేనేజరు. ఈ పదకొండేళ్లలో ఆయన సెలవు రోజున ఫోన్ చెయ్యడం ఇదే మొదటిసారి.

“ఏమయ్యా, కొత్త మిషన్ కొన్నవాళ్లు వారం నుంచి మన కస్టమర్ కేర్‌ని ఊపిరి తీసుకోనివ్వట్లేదు, ఆ పుస్తకంలో లిఫ్టులో ఇరుక్కున్న పెళ్లికూతురు చివరికి పైకెళ్లిందా, కిందికెళ్లిందా అని.”