కడిగిన సీసా

అత్తరు కొట్లో ఖాళీ సీసాలన్నీ స్పిరిట్‌తో కడిగి ఎండబెట్టాక తిరుమలైకి గుర్తొచ్చింది, వాటిలో వీరాయి సీసా కూడా ఉందని. చనిపోయిన భర్త పూసుకున్న అత్తరు అడుగున కాస్త మిగిలిందనీ, అలాంటిదే చేసిపెట్టమనీ నిన్ననే ఇచ్చి వెళ్లింది. అతనింకా మూత తీసి వాసనైనా చూడలేదు.

పాత అత్తర్లను వాసనపట్టి మళ్లీ చేయడంలో పీలమేడులో అతని తర్వాతే ఎవరైనా. ఆ పేరు పోతుందని జరిగింది దాచేశాడు. తోచినట్టు మల్లె, వట్టివేరు, చందనం కలిపి అదే సీసాలో నింపాడు.

వారం తర్వాత మిల్లు షిఫ్టు దిగి వీరాయి వచ్చింది.

"అదే వాసనేనా అన్నా?"

"నువ్వే చూడమ్మా."

ఆమె మూత తీయలేదు. "నాకేం తెలుస్తాది? మిల్లు దూదికి ముక్కు చచ్చి పదేండ్లాయె. ఇది మా అత్తకి. ఆమెకి కండ్లు కనపడవు. కొడుకు పోయిన సంగతి చెప్పలేదు. దినమూ ఆయన చొక్కాకి ఇది రాసి పక్కన పెడితే, వాడు వచ్చి కూర్చున్నాడనుకొని అన్నం తింటాది. వాసన తగ్గేకొద్దీ, 'వాడేమే దూరంగా నిలబడతాడు?' అని అడగతా ఉంది."

తిరుమలై నిజం చెప్పాలనే నోరు తెరిచాడు.

"అదేనమ్మా" అన్నాడు.