గదికి వినపడని పాట

దేవరాజు ముందు ఫ్యాను ఆపాడు. తర్వాత ట్యూబ్‌లైటు. ఆ తర్వాత కిటికీ రెక్కలు దగ్గరికి వేసి గడియ పెట్టాడు. ఆదోనిలో మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు ఇలాంటి పని చేసేవాణ్ని పిచ్చోడంటారు. అనుకోనీ. ఎలక్ట్రిక్ గిటార్‌కు దగ్గర్లో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే చాలు, రికార్డింగు నిండా జుయ్‌మని మోత.

మంచం అంచున కూర్చుని గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు. భుజం పట్టీ పొట్టిగా ఉంటే సాగదీసుకున్నాడు. తీగెలు తుప్పు పట్టాయి. పట్టవూ మరి! పత్తి దెబ్బతిన్న ఏడాది వదిలేసిన గిటార్‌ను మళ్లీ ముట్టుకోవడం ఇవాళే. ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మాత్రం వేళ్లకు ఇంకా గుర్తుంది. మొదటిసారికే తెరుచుకుంది.

అంతలో ఫోను వణికింది. అజ్మతుల్లా. కర్నూల్లో ఆర్కెస్ట్రా నడుపుతాడు.

“దేవరాజా, అయిదుకల్లా పంపల్ల. ఇంగిద్దరు అడుగుతాండారు. అయిదు దాటితే నన్ను అనొద్దు.”

“పంపుతానన్నా.”

“యాడుండావు? సప్పుడు గిప్పుడు లేదు గదా?”

“ఇంట్లోనేన్నా. అందరూ ఆలూరుకు పెండ్లికి పోయినారు. ఎవురూ లేరు.”

“సరే, జల్దీ కానీ.”

ఫోను స్విచ్చాఫ్ చేసి పక్కన పెట్టాడు. మూడు నిమిషాల ముక్క. అది నచ్చితే ఆర్కెస్ట్రాలో చోటు. లేదంటే రేపట్నుంచి మళ్లీ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోయాలి. ఇంకో ఏడాది మోస్తే ఈ వేళ్లు గిటార్‌కు పనికిరావు. ఆ భయం అతనికి నిద్రలో కూడా ఉంది.

గిటార్ నుంచి వైరు ఒక చిన్న ఎర్ర పెట్టెలోకి, అక్కణ్నుంచి ల్యాప్‌టాప్‌లోకి. లోపలి సాఫ్ట్‌వేర్ మనిషెత్తు ఆంప్లిఫయర్ మోగినట్టే మోగిస్తుంది, అదీ హెడ్‌ఫోన్లలో. చెవుల్లో ఉరుములు, మెరుపులు. గదిలో మాత్రం తీగెల టిక్కుటిక్కు తప్ప ఇంకేమీ ఉండదు. గుమ్మం అవతల ఉన్నవాడికి అది కూడా వినపడదు. ఇవాళ దేవరాజుకు కావలసింది అదే.

మొదటి టేకు తడబడ్డాడు. రెండోదీ అంతే. మూడోసారి వేళ్లు మాట విన్నాయి. సగం దాటింది. ఒళ్లు మరిచిపోయాడు.

టిటిట్... టిటిట్... టిటిట్.

వేళ్లు ఆగిపోయాయి.

ఆ మోత గిటార్ వాయించేవాళ్లందరికీ తెలిసిందే. పాత కీప్యాడ్ ఫోను దగ్గర్లో ఉంటే, దాన్నుంచి కాల్ వెళ్లే ముందు దాని తరంగాల్ని గిటార్ ఇలాగే పట్టేస్తుంది. ఫోను బారెడు దూరంలో ఉంటే తప్ప ఇంత గట్టిగా వినపడదు.

తన ఫోను చూసుకున్నాడు. ఆఫ్‌లోనే ఉంది. గదిలో ఇంకో ఫోను లేదు. ఉండకూడదు.

టిటిట్... టిటిట్.

గిటార్‌ను మెల్లగా గోడవైపు తిప్పాడు. మోత తగ్గింది. బీరువావైపు తిప్పాడు. ఇంకా తగ్గింది. చేతులు వణుకుతుంటే గిటార్ మోకాళ్ల కిందికి జారింది.

చెవులు పగిలేటంత మోత.

మంచం కింద.

దుప్పటి అంచు నేలను తాకుతోంది. దానికి జానెడు దూరంలో తన మడమలు. కాళ్లు గబుక్కున పైకి లాక్కున్నాడు. హెడ్‌ఫోన్లు తీసేశాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఊపిరి. తనది కాదు.

పోయిన నెల ఇదే వీధిలో రెండిళ్లు దోచారని విన్నాడు. అయితే ఆ దొంగ తను రాకముందే వచ్చి దాక్కున్నాడన్నమాట. కత్తి ఉందేమో. ఒక్కడేనా? కేక వేస్తే వీధి వీధంతా వచ్చి పడుతుంది. ఆ మాట తలుచుకుంటే చెమటలు ఇంకా ఎక్కువయ్యాయి.

పరిగెత్తితే? పాట ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. అయిదు దాటిపోతుంది.

దేవరాజు మంచం మీద నిలబడ్డాడు. గిటార్ మెడ రెండు చేతులతో పట్టి కర్రలా పైకెత్తాడు. ఇంత ప్రేమగా చూసుకున్న వస్తువుతో ఒకరి తల పగలగొట్టాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఏడుపొచ్చింది.

“ఎవురది?” గొంతు పీలగా వచ్చింది.

మంచం అంచు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“సూడప్పా, నేను నిన్నేమీ సేయను. నువ్వు నన్నేమీ సేయొద్దు. నీ మొగం గూడా సూడను. నా పాట పంపుకోనీ సాలు.”

మంచం కింద ఏదో కదిలింది. గిటార్ ఇంకా పైకి లేచింది.

దుప్పటి అంచు కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, దానికి రెండు ఆకుపచ్చ గాజులు. ఆ చెయ్యి అతనికంటే ఎక్కువ వణుకుతోంది. తాళంచెవుల గుత్తిని నేలమీద పెట్టి, అతనివైపు నెట్టింది.

“బీరువా తాళాలివి, మావోడికి నువ్వమ్మిన ఆ గిటారూ కంప్యూటరూ గూడా నువ్వే తీస్కపో దేవరాజా, నన్నేమీ సేయకుండా మా ఇంట్లోకి ఎట్ల దూరినావో అట్లే పో నాయనా.”