పక్కవాడి నీడ

"రంగు పుయ్యకుండా పోతావేంటయ్యా?" తన ఓక్ చెట్ల కలప కొనడానికి వచ్చిన మెర్లిన్‌కి అడ్డంగా నిలబడింది ఆర్డిత్. ఈ కొండల్లో కొనేవాడు మానుకి రంగు పూస్తేనే బేరం కుదిరినట్టు. పడమటి గట్టు అవతల మోటారు రంపం మోగుతోంది.

"ఏం చూసి పుయ్యనమ్మా? మాను నిండా పిలకలే. పిలక మొలిచిన ప్రతిచోటా కలపలో ఓ ముడి. ఈ ఓక్ బల్లలకి పనికిరాదు, పొయ్యికే."

"మొన్నమొన్నటిదాకా అద్దంలా నున్నగా ఉండేవి!"

"అప్పుడు నీడలో ఉన్నాయి. ఒక్కసారిగా ఎండ తగిలితే మాను పిలకలు వేస్తుంది." అతను కంచె అవతలి మేపుల్ మోళ్లని చూపించాడు.

ఆర్డిత్ కంచె మీదకి ఉరికింది. "డెల్బర్ట్! నా కొంప ముంచావు కదరా! ఎవరు కొట్టెయ్యమన్నారు నీ మేపుల్ చెట్లని?"

కంచె అవతల కట్టెలు పేరుస్తున్న పొరుగువాడు డెల్బర్ట్ ముఖం కందగడ్డలా మారింది. "ఎవరా? 'నీ పనికిమాలిన చెట్లు నా ఓకుల ఎండ తినేస్తున్నాయి' అని ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద నా పరువు తీసిందెవరు? నీ పోరు పడలేకే కొట్టేశాను. రసం తీసి పాకం కాచుకునే చెట్లు పోయాయని మా ఆవిడ ఇప్పటికీ నా మొహం చూడదు!"



"పోనీ, పడమటి వైపు ఓకులు చూపించమ్మా," అన్నాడు మెర్లిన్. "అటు గట్టు అవతలి క్లీటస్ చెట్ల నీడ ఉంది కదా."

"ఇంకెక్కడి నీడ? పోయిన ఆదివారం ఈవిడ వాణ్ణీ ఇలాగే ఏడిపించింది," అన్నాడు డెల్బర్ట్.

రంపం ఇంకా మోగుతూనే ఉంది. ఆర్డిత్ స్కర్టు ఎగదోపి పడమటి గట్టుకేసి పరుగెత్తింది.

"ఒరేయ్ క్లీటస్! ఆపరా! నీ పనికిమాలిన చెట్లేరా నాకు దిక్కు!"