మైనం బిళ్ల

అమీర్‌పేటలో తమ్ముడి టైలర్ షాపులోకి దూసుకొచ్చి, సుమలత అతన్ని మెడపట్టి గోడకేసి కొట్టింది. గిరిబాబు పెదవి చిట్లి నెత్తురు కారింది.

"ఆ మైనం బిళ్ల ఏడవెట్టినవ్‌రా?"

గిరిబాబు అరికాలి నల్లమచ్చ నుంచి కోసి, ల్యాబ్‌వాళ్లు మైనంలో పోసి దాచిన క్యాన్సర్ ముక్క ఆ బిళ్లలో ఉంది. రోగం ఇప్పుడు ఊపిరితిత్తులకు పాకింది. ఆ ముక్కను పరీక్షిస్తేనే మందుల కంపెనీ ఇమ్యునోథెరపీ ఇంజక్షన్లు ఉచితంగా ఇస్తానంది.

"పంజగుట్ట శ్మశానంల కాలవెట్టిన అక్కా. నాకు నేనే పిండం సుత పెట్టుకున్న. ఒంటి ముక్క కాలకుంట మిగిలితే జీవునికి గతి ఉండదు. ఇగ సూదులొద్దు, జర ఇడిసిపెట్టు."

బతికుండగానే దహనమా! ఆత్మపిండం సన్యాసికి చెల్లుతుంది గానీ, రోగానికి జడిసినవాడికి చెల్లుతుందా? సుమలత చేయి మళ్లీ లేచింది. చెంప పగిలింది. కత్తెర, కొలతల పుస్తకం కిందపడ్డాయి.

అప్పుడామె కొంగుతో అతని నెత్తురు తుడిచింది.

"బిళ్ల దొరుకుతలేదని పొద్దుగాలనే డాక్టర్‌కు చెప్పిన. నీ గజ్జల్ల వాసిన గడ్డలకెల్లి కొత్త ముక్క తీస్తరంట."

"మరి నన్నెందుకు కొట్టినవే?"

"నన్నడగకుంట సచ్చినందుకు."

"నేను రానంటున్న గదా అక్కా!"

"సచ్చినోడు ఎటు పోవాల్నో మోసెటోళ్లు చెప్తరు. నడువ్."