పై సగం, కింది సగం

రచయితగారు నెలనెలా పత్రికకు ఒక పేజీ రాస్తారు. పై సగం ఆ నెల చదివిన పుస్తకం గురించి, కింది సగం మా వీధి గురించి. వీధిని బాల్కనీలో కూర్చుని ఆయనే చూస్తారు. పుస్తకాలు మాత్రం భార్య చదివి, కూరలు తరుగుతూ కథ చెబుతుంది.

ఈసారి కథలో ఒక ఇల్లాలు ఏళ్ల తరబడి మొగుడి గొప్పలకు తలూపి తలూపి, ఒక పొద్దున ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. రచయితగారు కదిలిపోయారు. "ఆమె చేసిందే సబబు. ఇన్నాళ్లు ఆగడమే తప్పు" అని రాశారు. కింది సగంలో, ఎదురింటి మేడగదికి టులెట్ బోర్డు తీసేశారనీ, ఎవరు దిగుతారో చూడాలనీ రాశారు.

పత్రిక వచ్చిన పొద్దున భార్య పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి బయల్దేరావ్?"

"సబబేనని మీరే రాశారుగా."

"అది కథే! ఏదీ, ఆ పుస్తకం ఇలా తే."

"పుస్తకమెక్కడిదండీ? పేరుతో సహా నేనే అల్లాను."

రచయితగారు బాల్కనీలోకి పరుగెత్తారు. ఆమె రోడ్డు దాటి, ఎదురింటి మెట్లెక్కి, మేడగది తాళం తీసింది.

వచ్చే నెల కింది సగానికి కావలసినంత సరుకు దొరికింది. పై సగం చెప్పే మనిషే లేదు.